టోర్నమెంటుకి మూడు వారాలే ఉంది: దేనికి టైమ్ పెట్టాలి, దేన్ని వదిలేయాలి

విజయవాడలో చెస్ టోర్నమెంట్ అని వాట్సాప్ గ్రూపులో పోస్టర్ పడుతుంది, ఆ ఊపులో ఎంట్రీ ఫీజు కట్టేస్తాం, తీరా క్యాలెండర్ చూసుకుంటే ఇరవై రోజులుంటాయి. అందులో ఆఫీసు, ఓ రెండు పెళ్ళిళ్ళు, ఇంటికొచ్చే చుట్టాలు పోను రోజుకి గంటన్నర మిగిలితే గొప్ప. నాకైతే అంతే మిగులుతుంది. గుంటూరులో ఉద్యోగం చేసుకుంటూ ఆడేవాణ్ణి, రేటింగ్ (ఆట బలాన్ని చెప్పే అంకె) 1500కి అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. పదకొండేళ్ళ మా మేనల్లుడు కూడా నాతోపాటు వస్తాడు, వాడికింకా రేటింగ్ రాలేదు. ఈ రెండేళ్ళలో మేమిద్దరం చేయకూడని ప్రిపరేషన్లన్నీ చేసి చూశాం. కాబట్టి ఇక్కడ రాసేది గ్రాండ్‌మాస్టర్ అవ్వాలనుకునేవాళ్ళకి కాదు, మూడు వారాల్లో ఓ పాయింటో పాయింటున్నరో ఎక్కువ తెచ్చుకుంటే చాలనుకునేవాళ్ళకి.

ముందు ఒక పని చేయండి. ఏది చదవాలి అని అడిగే ముందు, పోయిన టోర్నమెంట్లలో ఓడిపోయిన ఆటల స్కోర్ షీట్లు బయటికి తీయండి. నేను తీస్తే పన్నెండు దొరికాయి. కూర్చుని ఒక్కోటి చూస్తే ఐదింట్లో రెండెత్తుల్లో పోయే ముక్కని చూసుకోలేదు, మూడింట్లో గడియారం అయిపోవస్తుంటే కంగారులో పోగొట్టాను, రెండింట్లో గెలిచే ఎండ్‌గేమ్‌ని (కొన్ని ముక్కలే మిగిలే ఆట చివరి దశని) తగలేశాను, ఒకటి ఎదుటివాడు నిజంగానే నాకంటే బాగా ఆడి గెలిచాడు. ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తులు) వల్ల పోయింది ఒక్కటంటే ఒక్కటి. మరి ఆ రెండేళ్ళూ నేను రోజూ రాత్రి చూసినవేంటంటే ఓపెనింగ్ వీడియోలు! మీ లెక్క వేరేలా ఉండొచ్చు, మా మేనల్లుడి లెక్క వేరేగానే ఉంది (వాడు అరగంటలో ఆట ముగించేసి బయటికొచ్చి సమోసా తింటుంటాడు, టైమంతా గడియారంలోనే మిగిలిపోతుంది). కింద చెప్పే ప్రతి ఎంపికకీ ఈ లెక్కే ఆధారం. ఎక్కడ పోతున్నాయో తెలియకుండా ఏం చదివినా అంతే సంగతులు.

ర్యాపిడా, క్లాసికలా

ఇంకా ఫీజు కట్టనివాళ్ళు ఇక్కడ ఆగండి. మన వైపు ఎక్కువగా జరిగేవి రెండు రకాలు. ఆదివారం ఒక్కరోజులో అయిపోయే ర్యాపిడ్ ఒకటి, నాలుగైదు రోజులు సాగే క్లాసికల్ రేటింగ్ టోర్నమెంట్ ఇంకోటి. ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) లెక్కలో ర్యాపిడ్ అంటే ఒక్కొక్కరికి పది నిమిషాలకు పైన, గంటకు లోపు. క్లాసికల్‌లో ఎక్కువగా కనిపించేది 90+30, అంటే తొంభై నిమిషాలు, ఎత్తెత్తుకీ ముప్ఫై సెకన్లు. అరవై ఎత్తుల ఆటయితే ఒక్కొక్కరికీ రెండు గంటలు, మొత్తం నాలుగు. రోజుకి రెండు రౌండ్లంటే ఎనిమిది గంటలు కుర్చీలో. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఈ లెక్క వేసుకోరు. సాయంత్రం రౌండ్‌కి నడుం, కళ్ళు, బుర్ర మూడూ ఒకేసారి చేతులెత్తేస్తాయి.

రేటింగ్ కూడా వేరువేరు. స్టాండర్డ్ (అంటే క్లాసికల్), ర్యాపిడ్, బ్లిట్జ్ (పది నిమిషాలో అంతకంటే తక్కువో) మూడింటికీ మూడు అంకెలు, ఒకదానిలో వచ్చింది ఇంకోదానికి కలవదు. మొదటి రేటింగ్ రావాలంటే రేటింగ్ ఉన్న ఐదుగురితోనైనా ఆడి ఉండాలి, అది ఒకే టోర్నమెంట్లో కాకపోయినా 26 నెలల లోపు ఆటలు కలుపుకుంటారు. 2024 మార్చి నుంచి రేటింగ్ కనీసం 1400 అయింది, అంతకుముందు వెయ్యి ఉండేది. ఇంకో విషయం, మొదటి రేటింగ్ కట్టేటప్పుడు 1800 ఉన్న ఇద్దరితో డ్రా చేసినట్టు ఊహించి లెక్కలో కలుపుతారు, కొత్తవాళ్ళకి అది కాస్త ఊతం. అయినా 1400 అందకపోతే రేటింగే రాదు కాబట్టి, పిల్లల్ని తీసుకెళ్ళే తల్లిదండ్రులు "ఐదు ఆటలు ఆడాడు కదా, ఇంకా రాలేదేంటి" అని ఆర్బిటర్ (టోర్నమెంట్ రెఫరీ) మీద విరుచుకుపడకండి. నేను అలా ఒకసారి విరుచుకుపడి, ఆయన ఓపిగ్గా వివరిస్తుంటే తల దించుకున్నాను.

నా సలహా సూటిగా చెప్తున్నా. పెద్ద టోర్నమెంట్ ఒక్కటీ ఆడనివాళ్ళు ముందు ఓ ఆదివారం ర్యాపిడ్ ఆడండి. గడియారం నొక్కడం, ఆర్బిటర్‌ని పిలవడం, హాల్లో ఆ నిశ్శబ్దం అలవాటవుతాయి, సెలవు పెట్టే పని లేదు. అప్పటికే ఓ రెండు మూడు ఆడినవాళ్ళయితే మాత్రం క్లాసికల్‌కే వెళ్ళండి, ఎందుకంటే నేర్చుకునేది అక్కడే. ర్యాపిడ్‌లో ఓడిపోతే ఎందుకు ఓడామో కూడా గుర్తుండదు, చేతిలో స్కోర్ షీట్ కూడా ఉండదు.

ర్యాపిడ్ చిన్నచూపు చూడాల్సినదని కాదు. మన విజయవాడ కోనేరు హంపి 2019లోనూ మళ్ళీ 2024లోనూ మహిళల ప్రపంచ ఛాంపియన్ అయింది ర్యాపిడ్‌లోనే. 2024లో న్యూయార్క్‌లో మొదటి రౌండే ఓడిపోయి, చివరికి పదకొండు రౌండ్లలో ఎనిమిదిన్నర పాయింట్లతో టైటిల్ తీసుకున్నారు. మా మేనల్లుడు మొదటి రౌండ్ పోగానే బస్సెక్కి ఇంటికెళ్ళిపోదామంటాడు, వాడికి ఈ కథ నాలుగుసార్లు చెప్పాను, ఐదోసారి "మామయ్యా, ఆవిడ హంపి" అన్నాడు. ఏం చెప్తాం.

ఓపెన్ విభాగమా, రేటింగ్ పరిమితి ఉన్నదా అనేది ఇంకో ప్రశ్న. 1600 లోపు వాళ్ళకే అని పెట్టే టోర్నమెంట్లలో ప్రైజు ఆశ ఉంటుంది, కానీ అక్కడ కూర్చునేది ఎక్కువగా పిల్లలు, వాళ్ళ బలానికీ రేటింగ్‌కీ సంబంధం ఉండదు. ఆరు నెలల క్రితం అంకె పక్కన ఉంటుంది, పిల్లవాడు ఈలోపు రోజుకి నాలుగు గంటలు సాధన చేసి వచ్చి ఉంటాడు. ఓపెన్‌లో పైవాళ్ళు తగులుతారు. నాలాంటి వాళ్ళకి రేటింగ్ లెక్కలో మార్పు గుణకం (ఒక్క ఆటకి గరిష్ఠంగా మారగల పాయింట్లు) 20 కాబట్టి, 1500 ఉన్నవాడు 1700 ఉన్నవాణ్ణి గెలిస్తే పదిహేను పాయింట్లు వస్తాయి, ఓడితే ఐదు కూడా పోవు. అదే నాకంటే వంద తక్కువున్న పిల్లాడి చేతిలో ఓడితే దాదాపు పదమూడు ఊడతాయి. ఇప్పుడు మీరే చెప్పండి ఎవరితో ఆడటం లాభమో. నేను ఓపెనే ఎంచుకుంటాను. ప్రైజు డబ్బు కోసం చెస్ ఆడే వయసు కాదిది.

ఓపెనింగా, టాక్టిక్సా (అసలు గొడవ ఇక్కడే)

కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు కదా, టోర్నమెంట్ దగ్గర పడేకొద్దీ మనకి పాత ఓపెనింగ్ రోతగా కనిపించడం మొదలవుతుంది. నాకు కనిపించింది. నల్లతో ఎప్పుడూ ఆడే కారో-కాన్ ఓపెనింగ్ వదిలేసి, టోర్నమెంట్‌కి పన్నెండు రోజుల ముందు సిసిలియన్ ఓపెనింగ్‌లో నాజ్‌డార్ఫ్ అనే దారి పట్టుకున్నాను. రోజుకి గంట చొప్పున, ఇంగ్లిష్ అటాక్ ఇలా, ఆరో ఎత్తులో బిషప్ జీ5 గడికి వస్తే అలా అని నోట్‌బుక్కు నింపేశాను. మొదటి రౌండ్. ఎదుట ఓ రిటైర్డ్ పెద్దాయన. ఈ4, నేను సీ5, ఆయన నింపాదిగా సీ3. రెండో ఎత్తుకే నా నోట్‌బుక్కు మొత్తం చెత్తబుట్టలోకి పోయింది. నాజ్‌డార్ఫ్ రావాలంటే నేను ఐదో ఎత్తులో ఏ6 ఆడాలి, ఆయన అక్కడిదాకా రానిస్తేగా! రెండో ఎత్తు మీద ఇరవై రెండు నిమిషాలు కూర్చున్నాను. తర్వాత ఏమైందో చెప్పక్కర్లేదు. పెద్దాయన మంచివాడు, ఆట అయ్యాక టీ ఇప్పించాడు.

అందుకని మూడు వారాల్లో కొత్త ఓపెనింగ్ మొదలుపెట్టాలా వద్దా అని ఎవరడిగినా నేను వద్దనే అంటాను. ఒక్క మినహాయింపు ఉంది, తెల్లతో మీకు అసలు స్థిరమైన ఓపెనింగే లేకపోతే. అప్పుడు లండన్‌కీ ఇటాలియన్‌కీ మధ్య ఎంచుకోవాల్సి వస్తుంది.

లండన్ అంటే డీ4, బిషప్‌ని ఎఫ్4కి తేవడం, ఈ3, సీ3, గుర్రాలు, ఓ పది ఎత్తుల దాకా ఎదుటివాడు ఏం ఆడినా దాదాపు అదే ఇల్లు కట్టుకోవడం. ఒక్క వారంలో వచ్చేస్తుంది, ఆఫీసు పనితో అలసిపోయేవాళ్ళకి ఇది వరం. కాకపోతే బిషప్ బయటికెళ్ళిపోవడంతో బీ2 బంటుకి కాపలా ఉండదు, నల్ల వాడు సీ5 కొట్టి మంత్రిని బీ6కి తెస్తే ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. అదొక్కటి తెలియకుండా లండన్ ఆడేవాళ్ళు సగం మంది ఉంటారు. ఇటాలియన్ అంటే ఈ4, ఈ5, గుర్రం, గుర్రం, బిషప్ సీ4. దీంట్లో ఆట తొందరగా రాజుకుంటుంది, టాక్టిక్స్ (రెండు మూడెత్తుల్లో ముక్క కొట్టే కిటుకులు) వచ్చినవాళ్ళకి, ముఖ్యంగా పిల్లలకి బాగుంటుంది, ఆటే నేర్పిస్తుంది కూడా. కానీ ఎదుటివాడు ఈ5 ఆడాలని రూలేం లేదు, సిసిలియన్, ఫ్రెంచ్, కారో-కాన్ అన్నిటికీ ఏదో ఒక సమాధానం పెట్టుకోవాలి. మూడు వారాల్లో అంత పని కాదు. కాబట్టి ఉద్యోగస్తులకి లండన్, ఇంకా రెండు మూడేళ్ళు ఎదిగే పిల్లలకి ఇటాలియన్. పిల్లాడికి లండన్ నేర్పించి నాలుగు ప్రైజులు తెప్పించే కోచ్‌లు ఉంటారు, నాకు అది నచ్చదు, ఒకే ఇల్లు కట్టడం నేర్చినవాడికి ఊరు తెలియదు.

నల్లతో అయితే మీరు ఇప్పుడు ఆడుతున్నదే ఆడండి. అందులో ఓడిపోయిన ఆటల్లో పదో ఎత్తు దాకా ఎక్కడ దారి తప్పారో చూసి ఆ ఒక్క చోటు బాగు చేసుకుంటే చాలు. పిల్లలు ఈ5 ఆడేవాళ్ళయితే మాత్రం ఒకటి తప్పనిసరి. ఇటాలియన్లో నల్ల గుర్రం ఎఫ్6కి వచ్చాక తెల్ల గుర్రం జీ5కి దూకి ఎఫ్7 మీద కన్నేస్తుంది. డీ5, తెల్ల బంటు కొట్టగానే చేయి దురద పెట్టి గుర్రంతో తిరిగి కొడతారు, అక్కడే కొంప మునుగుతుంది. గుర్రాన్ని ఏ5కి పంపి బిషప్‌ని తరమాలి. ఇది అరగంట పని. మా వాడు ఈ అరగంట పెట్టకుండా రెండు టోర్నమెంట్లలో రెండుసార్లు ఒకేలా ఓడాడు.

మిగిలిన టైమంతా టాక్టిక్స్‌కే. అయితే అందులోనూ తేడా ఉంది. ఫోన్లో మూడు నిమిషాల్లో ఎన్ని పజిల్స్ చేశావ్ అనే పరుగు పందెం ఒకటుంది, అది ఆడటానికి సరదాగా ఉంటుంది, తెలిసిన ఫోర్క్‌లూ (ఒకే ముక్కతో రెండింటి మీద దాడి) పిన్‌లూ (వెనక పెద్ద ముక్క ఉండటంతో కదల్లేని ముక్క) చటుక్కున కళ్ళకి తట్టేలా చేస్తుంది. కానీ 90+30 టోర్నమెంట్‌కి వెళ్ళేవాళ్ళకి దానివల్ల చెడ్డ అలవాటు కూడా వస్తుంది, మొదట కనిపించిన చెక్ కొట్టేసి చూద్దాం అని. నెమ్మదైన పద్ధతి ఏంటంటే కష్టమైనవి రోజుకి ఐదారు మాత్రమే, బోర్డు మీద ముక్కలు పేర్చి, చేయి పెట్టకుండా చివరి ఎత్తు దాకా మనసులో లెక్కేసి, కాగితం మీద రాసి, అప్పుడు జవాబు చూడటం. విసుగు పుడుతుంది. నాకూ పుట్టింది. అయినా నా పన్నెండు ఆటల్లో ఐదు పోయింది ఇక్కడే కాబట్టి వేరే దారి లేదు. మొదటి రెండు వారాలు నెమ్మదివి, చివరి వారం వేగంగా చేసే తేలికవి, ఇలా మార్చుకుంటే నాకు సరిపోయింది.

పజిల్‌కీ ఆటకీ ఒక తేడా ఉంది, పజిల్లో ఏదో ఉందని మనకి ముందే తెలుసు. ఆటలో ఎవరూ వచ్చి భుజం తట్టి "ఇదిగో ఇక్కడ ఉంది" అనరు. అందుకే ఎదుటివాడి ప్రతి ఎత్తు తర్వాత "వీడు ఇప్పుడు దేని మీద కన్నేశాడు" అని ఒక్కసారి అడుక్కోవడం కూడా ప్రాక్టీసులో భాగమే. చెప్పడం తేలిక, నాలుగో గంటలో చేయడం కష్టం.

వేదిక విషయానికొస్తే లిచెస్ అనే సైట్లో పజిల్స్, ఇంజన్ (ఎత్తులు లెక్కేసే ప్రోగ్రాం) విశ్లేషణ అన్నీ పూర్తిగా ఉచితం, డబ్బులు అడగదు. చెస్ డాట్ కామ్‌లో పాఠాలు, ఆట తర్వాత వివరణ తీరుగా ఉంటాయి కానీ ఉచిత ఖాతాకి హద్దులుంటాయి. అప్పటికే సభ్యత్వం ఉంటే వాడుకోండి, కేవలం మూడు వారాల కోసం కొత్తగా కట్టకండి.

ఆన్‌లైన్ బ్లిట్జా, చెక్క బోర్డా

రాత్రి పదకొండింటికి మంచం మీద పడుకుని మూడు నిమిషాల ఆటలు పదిహేను ఆడి ప్రాక్టీసయింది అనుకోవడం మనందరికీ ఉన్న జబ్బు. కొత్త ఓపెనింగ్ ఎత్తులు గుర్తున్నాయో లేదో చూసుకోవడానికి ఓ నాలుగు బ్లిట్జ్ ఆటలు పర్వాలేదు, అంతకుమించితే తీపి తిన్నట్టే. బదులుగా వారానికి ఒక్క పొడుగు ఆట, కనీసం గంట చొప్పున, నిజమైన బోర్డు మీద, గడియారం పెట్టి, ఎత్తులు రాసుకుంటూ. మూడు వారాల్లో మూడే మూడు. మీ ఊళ్ళో మీ స్థాయివాడు ఒకడు దొరికితే చాలు. నేను బ్రాడీపేటలో ఓ మిత్రుడింట్లో ఆదివారం పొద్దున్నే కూర్చుంటాను, ఆయన నన్ను నాలుగింట మూడు ఓడిస్తాడు, అందుకే ఆయనే కావాలి.

బోర్డు ఎందుకంటే స్క్రీన్ మీద పైనుంచి చూసే కంటికి, కుర్చీలో కూర్చుని ఏటవాలుగా చూసే కంటికి ఒకే బొమ్మ కనిపించదు. దూరంగా మూలనున్న బిషప్ స్క్రీన్ మీద మిస్సవదు, బోర్డు మీద ఎన్నిసార్లు మిస్సయిందో నాకే లెక్క లేదు. ఇంకా, ఎత్తు రాయడం కూడా ఒక పనే. 90+30లో చివరిదాకా రాయాల్సిందే, టైమ్ తక్కువుందని ఆపడానికి లేదు. పైగా కొంతమంది పిల్లలు ముందు రాసుకుని ఆ తర్వాత ఆడతారు, అది నిబంధనల ప్రకారం కుదరదు, ముందు ఆడి తర్వాతే రాయాలి. ఈ అలవాటు ఇంట్లోనే మాన్పించాలి.

కోచా, ఇంజనా, మనమేనా

గుంటూరు-విజయవాడ మధ్యలో ఉన్నామంటే చెస్ విషయంలో అదృష్టవంతులమే. హంపి 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయ్యారు, ఆమె తండ్రి అశోక్ గారే కోచ్. మా గుంటూరు నుంచి పెంటేల హరికృష్ణ 2001లో, ద్రోణవల్లి హారిక 2011లో ఆ టైటిల్ తెచ్చుకున్నారు. ఆ పేర్లు చూసి ఇక్కడి కోచింగ్‌లో చేరితే ఇరవై రోజుల్లో ఏదో జరిగిపోతుందనుకునే తల్లిదండ్రులు కనిపిస్తారు. వాళ్ళ వెనక ఉన్నది ఏళ్ళ తరబడి పని, ఇరవై రోజుల క్రాష్ కోర్సు కాదు.

ఈ మూడు వారాల కోసమే అయితే కొత్తగా నెల ఫీజు కట్టి బ్యాచ్‌లో చేరడం దండగ, బ్యాచ్‌లో ఇరవై మందికి ఒకే పాఠం చెప్తారు, మీ జబ్బుకి మందు అక్కడ దొరకదు. దానికంటే మీకంటే ఓ నాలుగైదు వందలు ఎక్కువ రేటింగ్ ఉన్న ఒకరిని పట్టుకుని, ఓడిన ఆటలు ఐదు ముందు పెట్టి, రెండు గంటలు మాట్లాడించండి, దానికి డబ్బిచ్చినా తప్పులేదు. స్టాక్‌ఫిష్ ఇంజన్ ఉంది కదా అంటారేమో. ఉంది, అది పద్దెనిమిదో ఎత్తులో మీరు తప్పు చేశారని అణాపైసలతో చెప్తుంది, కానీ ఆ తప్పు మీరెందుకు చేశారో దానికి తెలియదు. నా విషయంలో ఆ ఎందుకు ఏంటంటే, ఎదుటివాడు మంత్రుల్ని మార్చుకుందామంటే నేను భయపడి వెనక్కెళ్ళిపోతాను. ఏడు ఆటల్లో అదే చేశానని ఒక మనిషి చెప్తే గానీ నాకు తెలియలేదు. క్రమం మాత్రం ముఖ్యం. ముందు మీరు స్వయంగా చూసి రాసుకోవాలి, తర్వాత మనిషికి చూపించాలి, ఇంజన్ చివర్లో.

ఎండ్‌గేమ్ ఎంత చాలు

తక్కువే చాలు. రాజూ బంటూ ఆటలో ఎదురెదురు రాజుల కిటుకు, బంటు పరుగెడితే రాజు అందుకుంటాడా లేదా అని చూసే చతురస్రం, రూక్ ఎండింగ్‌లో గెలవడానికి లూసెనా అనే స్థానం, కాపాడుకోవడానికి ఫిలిడోర్ అనే స్థానం. ఇవి నాలుగు సాయంత్రాల పని. ఐదోది చిన్నదే కానీ నన్ను ఒకసారి ఒడ్డున పడేసింది. తెల్లకి హెచ్ బంటు, తెల్ల గళ్ళలో తిరిగే బిషప్, నాకు ఒంటరి రాజు. హెచ్8 నల్ల గడి, ఆ బిషప్‌కి ఆ మూల అందదు. రాజుని తీసుకెళ్ళి ఆ మూలలో కూర్చోబెట్టాను, ఎదుటి కుర్రాడు ఇరవై ఎత్తులు నానా తిప్పలు పడి చివరికి స్టేల్‌మేట్ (ఆడటానికి ఎత్తే లేక డ్రా) చేశాడు. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు ఆ అర పాయింటు. ఆ సాయంత్రం మొత్తం నేను ప్రపంచ ఛాంపియన్‌లా తిరిగాను.

ఎదుటివాళ్ళ గురించి ముందే వెతకడం మాత్రం మన స్థాయికి అనవసరం అంటాను. చెస్ రిజల్ట్స్ సైట్లో రేటింగ్ వరసలో మొదటి జాబితా పెడతారు, స్విస్ పద్ధతి (ప్రతి రౌండ్లో సమాన పాయింట్లవాళ్ళని జత కలిపేది) కాబట్టి మొదటి రౌండ్లో జాబితాలో పై సగం వాళ్ళకి కింది సగం వాళ్ళు తగులుతారు, మూడు వందల మందిలో మీరు నూట అరవయ్యో వాళ్ళయితే ఓ పదో నంబరు వాడు వస్తాడని ముందే ఊహించుకోవచ్చు. అక్కడితో ఆపేయండి. 1500 వాడి ఆటలు డేటాబేసుల్లో పెద్దగా దొరకవు. రెండు రౌండ్ల మధ్య దొరికే గంటలో ఫోన్ పట్టుకుని వాడి ఆట కోసం వెతికేకంటే కళ్ళు మూసుకుని కూర్చోవడం మేలు.

రోజూ అప్ అండ్ డౌనా, రూమా

దీన్ని ఎవరూ ప్రిపరేషన్ కింద లెక్కేయరు, నేను వేస్తాను. గుంటూరు నుంచి విజయవాడ ముప్ఫై అయిదు కిలోమీటర్లు అటూ ఇటూ, చూడటానికి ఎంతలే అనిపిస్తుంది. పొద్దున తొమ్మిదిన్నరకి రౌండంటే ఆరున్నరకే ఇంట్లోంచి బయల్దేరాలి, మంగళగిరి దాటాక ఎక్కడో ఒకచోట, లేదా వారధి మీద ఆగిపోతాం, నెహ్రూ బస్టాండ్‌లో దిగి ఆటో బేరం, హాలు ఎక్కడో ఊరవతల కాలేజీలో. రాత్రి ఇంటికొచ్చేసరికి పది. ఇది నాలుగు రోజులు చేస్తే మూడో రోజు నుంచి మీరు ఆడటం లేదు, మీ బదులు నిద్ర ఆడుతుంది. ఒకసారి సరిగ్గా ఇలాగే ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఎంత ఆలస్యానికి ఆట పోతుందో ప్రాస్పెక్టస్‌లో చూసుకోకుండా, హాల్లోకి పరుగెత్తేసరికి ఎదుటి కుర్రాడు పాయింటు పట్టుకుని వెళ్ళిపోయాడు. నలభై నిమిషాల ఆలస్యం. అదే వారం నిర్వాహకులు గంటన్నర ఆలస్యంగా మొదలుపెట్టిన రౌండ్ కూడా ఉంది, దానికి మాత్రం ఎవరికీ పాయింటు రాలేదు.

కాబట్టి ఆదివారం ర్యాపిడ్‌కి బస్సో రైలో చాలు, రోజుకి రెండు రౌండ్ల క్లాసికల్ అయితే రూమ్ తీసుకోండి. గాంధీనగర్, గవర్నర్‌పేట వైపు లాడ్జీలు ఉంటాయి, స్టేషన్ దగ్గర కూడా. ఇద్దరు ముగ్గురు ఆటగాళ్ళు కలిసి పంచుకుంటే ఖర్చు తగ్గుతుంది, కానీ రాత్రి రూమ్‌లో బ్లిట్జ్ ఆడేవాడితో పంచుకోకండి. విజయవాడవాళ్ళు గుంటూరు వచ్చినా ఇదే లెక్క. కొత్త కోచింగ్‌కి పెట్టే డబ్బు ఈ రూమ్‌కి పెట్టమని నేను గట్టిగా చెప్తాను, ఎండాకాలమైతే ఇంకా గట్టిగా.

తిండి సంగతి ఒక్క ముక్క. మధ్యాహ్నం బిర్యానీ తిని రెండో రౌండ్‌కి కూర్చోవద్దు. పెరుగన్నం, అరటిపండు, నీళ్ళు. బిర్యానీ ఆఖరి రౌండ్ అయ్యాక.

చివరి రెండు రోజులు పుస్తకం మూసేయాలా, చదవాలా అంటే నేను మూసేసేవాళ్ళ వైపే. బదులుగా హాల్లో పాయింట్లు పోగొట్టే చిన్న చిన్నవి ఒకసారి నెమరేసుకుంటాను. ముట్టుకున్న ముక్కే ఆడాలి, సర్దాలంటే మన వంతులో, ముందే చెప్పి సర్దాలి. క్యాస్లింగ్‌కి (రాజునీ రూక్‌నీ ఒకే ఎత్తులో జరపడానికి) రాజునే ముందు పట్టుకోవాలి, రూక్‌ని పట్టుకుంటే ఆ వైపు క్యాస్లింగ్ ఆ ఎత్తుకి పోయినట్టే. క్లాసికల్‌లో తప్పుడు ఎత్తు ఒకసారి ఆడితే ఎదుటివాడికి రెండు నిమిషాలు, రెండోసారి ఆడితే ఆటే పోతుంది. ఒకే స్థానం మూడోసారి రాబోతుంటే, ఎత్తు ఆడేయకుండా కాగితం మీద రాసి ఆర్బిటర్‌ని పిలవాలి. ఫోన్ జేబులో ఉండకూడదు, బ్యాగులో పెట్టుకోనిచ్చినా పూర్తిగా ఆఫ్ చేసి ఉండాలి, ఆట మధ్యలో అది మోగితే ఎంత గెలిచే స్థానమైనా దక్కదు.

ఈసారికి నా గంటన్నర పంపకం ఇలా పెట్టుకున్నాను. నలభై నిమిషాలు నెమ్మది టాక్టిక్స్, అరగంట పాత ఆటలూ కారో-కాన్‌లో ఒక్క దారీ, మిగిలింది ఎండ్‌గేమ్, ఆదివారాలు బ్రాడీపేట. మేనల్లుడికి మాత్రం ఒకే ఒక్క నియమం, ప్రతి ఎత్తుకీ ముందు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చోవాలి. రూమ్ కూడా చెప్పేశాను, గాంధీనగర్‌లో, నాలుగు రాత్రులకి. వాళ్ళమ్మ డబ్బాలో పులిహోర కట్టి పంపిస్తానంటోంది, వాడేమో సమోసాకి డబ్బులివ్వమంటున్నాడు, ఇంకా తేలలేదు.